తువ్వాల కింద కుదిరిన కంపెనీ

మామ పోయాడని నాకు చెప్పింది నందిపేట ఆటో నడిపే మనిషి. మా దుకాణం ముందు పసుపు బస్తాలు దింపుతూ, "గాయన పోయిండు గదా, బహరేన్ కంపెనీ సేటు" అన్నాడు. గద్దె మీద కూర్చున్నవాణ్ణి ఉలిక్కిపడ్డాను. ఆర్మూర్‌లో బహరేన్ కంపెనీ సేటు అంటే నేనే. నలుగురికీ చెప్పి చెప్పి నేనే తెచ్చుకున్న పేరది. చాయ్ హోటల్ వాడు కూడా "బహరేన్ సేటుకు ఒక కడక్ చాయ్" అని బజారంతా వినబడేటట్టు అరుస్తాడు. నేను బతికే ఉన్నాను కాబట్టి పోయింది ఇంకెవరో అయ్యుండాలి. ఎవరని అడిగితే ఊరి పేరు చెప్పి, తెల్ల మీసాలు, ఎర్ర తువ్వాల అన్నాడు. అప్పుడు అర్థమైంది. ఆ కంపెనీకి సేట్లం ఇద్దరం. ఆర్మూర్ వరకు నేను, నందిపేట దారిలో ఉన్న ఆ ఊరి వరకు ఆయన.

మామ అంటే చుట్టరికం ఏమీ లేదు. బహ్రెయిన్ దీవిలో, ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద పడుకున్నందుకు మామ అయ్యాడు. నేను పిలవకముందే ఆయన నన్ను అల్లుడా అన్నాడు. "పిల్లనిస్తవా మామా?" అంటే, "నీకా? బల్బు పెట్టరానోనికి బిడ్డనెవ్వడిస్తడు?" అన్నాడు. ఆయనకు బిడ్డలే లేరు. అయినా నాకు ఇవ్వనన్నాడు.

బల్బు సంగతి నిజమే. మాది పసుపు అడ్తి దుకాణం. రైతు తెచ్చిన కొమ్ములు అమ్మిపెట్టి కమీషన్ తీసుకునే వ్యాపారం. డిగ్రీ అయ్యాక నాన్నతో చెడింది. "నీకు గద్దె మీద కూసునుడు తప్ప ఇంకోటి చాతగాదు" అన్నాడాయన. అప్పటికి నాకు అది కూడా సరిగ్గా చేతకాదు. ఆ కోపంలో బహ్రెయిన్‌కు పోయి ఒక గోదాములో లెక్కలు రాసే పనిలో చేరాను. అక్కడ ఒక విషయం కనిపెట్టాను. చుట్టూ సముద్రం ఉన్న దీవిలో ఇంటింటా కుళాయి కారుతోంది, బాగుచేసేవాడు మాత్రం దొరకడం లేదు. అంతే, నేను సేటునైపోయాను. అక్కడ ఏ వ్యాపారం పెట్టినా పేరు అక్కడి మనిషిది ఉండాలి, ఆయన్ని కఫీల్ అంటారు. అట్లాంటి ఒకాయన్ని పట్టుకుని లైసెన్సు తీయించి కార్డు అచ్చు వేయించాను. కుళాయి, కరెంటు, రంగులు, తలుపులు, ఏసీ, అన్ని పనులూ చేయబడును. ఇందులో నాకు వచ్చినదల్లా కార్డు అచ్చు వేయించడం.

అప్పటికే మామ పనిచేసే కట్టడాల కంపెనీ మూతపడి ఖాళీగా ఉన్నాడు. "మామా, నీకు రిపేరు పనులు వచ్చునా?" అని అడిగాను. "అయితది" అన్నాడు. వస్తుందా రాదా అని అడిగితే అవుతుంది అన్నవాణ్ణి అప్పుడే అనుమానించాల్సింది. ఏం అడిగినా ఆయన జవాబు అదే. ఫ్రిజ్? అయితది. గోడలో తేమ? అయితది. లిఫ్టు? "అదేమన్న అత్తగారిల్లా, ఎక్కుడు దిగుడే గదా. అయితది."

ఊళ్లో ఆయన పశువుల బేరగాడు. అంగట్లో ఎద్దుల జతను కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నిలబడి బేరం కుదిర్చేవాడు. దీవికొచ్చినా ఆ కళ్లు పోలేదు. పాడైన సామాను దగ్గరికి నేరుగా వెళ్లేవాడు కాదు. ముందు దూరంగా నిలబడి, తర్వాత చుట్టూ తిరిగి, వెనక నుంచి ఒకసారి చరిచి చూసేవాడు. వాషింగ్ మిషన్ మూత ఎత్తి, ఎద్దు వయసుకు పండ్లు చూసినట్టు లోపలికి తొంగిచూసి, "ఇది ఆరు పండ్లది అల్లుడా. ఇంక రెండేండ్లు దున్నుకోవచ్చు" అని చెప్పాడొకసారి. ఆ ఇంటామె ఏమన్నాడని నన్ను హిందీలో అడిగింది. మోటారు బాగానే ఉందట అన్నాను. నాలుగు రోజుల్లో ఆ మోటారు కాలిపోయింది.

ఏది విప్పినా తిరిగి బిగించేటప్పుడు ఒక స్క్రూ మిగలాల్సిందే. దాన్ని జేబులో వేసుకుని, "కంపెనోడు ఎక్కువిచ్చిండు" అనేవాడు. ఏ ఇంటికి వెళ్లినా గుమ్మం ముందు ఆగి భుజం మీది ఎర్ర తువ్వాలతో చొక్కా, లుంగీ మీద వేసుకొచ్చిన ప్యాంటు, చివరికి చెప్పులు కూడా ఫట్ ఫట్ మని దులుపుకునేవాడు. పసుపు ఏరే రోజుల్లో మన దగ్గర దులుపుకోకుండా ఇంట్లోకి రానివ్వరు కదా, ఆ అలవాటు. అక్కడ పసుపు లేదు, ఉన్నది ఇసుక. గంట కొట్టక ముందే ఆ చప్పుడుకి తలుపు తీసేవాళ్లు. కొందరు తీసి, ఆయన్ని చూసి మళ్లీ వేసేసేవాళ్లు.

నేను ఆయన కంటే తక్కువవాణ్ణేమీ కాదు. మొదటి పనిలో ఒకామె చేతులు కడుక్కునే తొట్టి కింద తిప్పకూడని దాన్ని తిప్పాను. హాలు దాకా నీళ్లు. ఆమె కేకలు వేయలేదు, తుడిచే కర్ర తెచ్చి నా చేతికిచ్చింది. ఇల్లంతా శుభ్రంగా తుడిచి వచ్చాను. ఆమె తర్వాత కూడా పిలిచింది, తుడవడానికే. ఇంకొకరి ఇంట్లో మేం బిగించిన కర్టెన్ కడ్డీ, వాళ్లు చుట్టాలతో భోంచేస్తుండగా బిర్యానీ పళ్లెంలో పడింది. ఇట్లా కొన్నాళ్లు నడిచాక కఫీల్ నన్ను పిలిచి, రంజాన్ లోపల ఎక్కడన్నా ఖాయంగా పని పట్టకపోతే లైసెన్సు రద్దు చేయించుకుంటానన్నాడు. అంటే ఆర్మూర్ బస్సు దిగి, తల దించుకుని నాన్న గద్దె పక్కన కూర్చోవడమే. నాకు అన్నం దిగలేదు. మామ మాత్రం నా కంచంలోది కూడా తన కంచంలో వేసుకుని, "ఫికర్ చెయ్యకు, అయితది" అన్నాడు.

ఆ వారంలోనే అక్కడి పాత బస్తీ నుంచి ఫోన్ వచ్చింది. సొంత బిల్డింగు ఉన్న ముసలాయన, అందరూ హాజీ అంటారు. మిద్దె మీద ట్యాంకు దగ్గర కుళాయి కారుతోంది. నేను టై కట్టుకుని, ఇంగ్లీషులో అచ్చు వేసిన కొటేషన్ పట్టుకుని వెళ్లాను. హాజీ దాన్ని చూడకుండానే విసనకర్రలాగా ఊపుకుంటూ, వచ్చీరాని హిందీలో బేరం మొదలుపెట్టాడు. నేనొకటి చెబితే ఆయనొకటి. ఉన్నట్టుండి మామ నన్ను పక్కకు నెట్టాడు. భుజం మీది తువ్వాల తీసి హాజీ కుడిచేతి మీద కప్పి, కింద నుంచి తన చెయ్యి పోనిచ్చి ఆయన వేళ్లు పట్టుకున్నాడు.

మన అంగట్లో బేరం అట్లాగే జరిగేది. నలుగురిలో ధర పైకి అనకుండా, తువ్వాల కింద వేళ్లు ఒత్తి చెప్పుకునేవాళ్లు. నాకు తెలుసు గానీ, పరాయి దేశంలో, తెల్లటి నిలువు అంగీ వేసుకున్న పెద్దమనిషి చెయ్యి పట్టుకుంటే ఏమవుతుందో మాత్రం తెలియదు. పోలీసులు కళ్లముందు కనబడ్డారు. "మామా, వదులు! నీకు దండం పెడ్త, వదులు!" అన్నాను. హాజీ ఒక్క గుంజు గుంజి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తువ్వాల వైపు చూశాడు. మామ మొహం వైపు చూశాడు. తర్వాత ఏమనుకున్నాడో, తనే చెయ్యి మళ్లీ తువ్వాల కిందికి పోనిచ్చాడు.

ఆ మిద్దె మీద ఎంతసేపు నిలబడ్డామో నాకు తెలియదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు. మామ ట్యాంకు వైపు చూస్తున్నాడు. హాజీ పక్క మిద్దె మీది పావురాలను చూస్తున్నాడు. తువ్వాల కింద ఏదో కదులుతోంది. ఒకసారి మామ కుదరదన్నట్టు మీసం కదిపాడు. ఒకసారి హాజీ తిరిగి పోబోయినట్టు అడుగు వేసి, చెయ్యి మాత్రం తీయలేదు. చివరికి హాజీ నవ్వడం మొదలుపెట్టి, దగ్గు వచ్చేదాకా నవ్వి, కళ్లు తుడుచుకున్నాడు. వాళ్ల నాన్న ముత్యాల వ్యాపారి అట. వాళ్ల దగ్గరా ముత్యాల బేరం గుడ్డ కిందనే, వేళ్లతోనే. "మా నాన్న పోయాక నా చెయ్యి ఇట్లా ఎవరూ పట్టుకోలేదు" అన్నాడు.

మెట్లు దిగుతూ, "ఎంతకు కుదిరింది మామా?" అని అడిగాను.

"కుదిరింది పో."

"అదే, ఎంతకు?"

"నాకేం ఎర్క? ఆయన లెక్క వేరే ఉన్నట్టున్నది. నేనొత్తితె ఆయనొత్తిండు, ఆయనొత్తితె నేనొత్తిన."

"మరి దేనికి ఒప్పుకున్నవ్?"

"చెయ్యి ఇడువలే గదా. ఇడువకుంటె బేరమైనట్టే."

మరునాడు హాజీ మనిషి వచ్చి తాళాల గుత్తి ఇచ్చిపోయాడు. ఒక కుళాయికి కాదు, మొత్తం బిల్డింగుకు, ఏడాదంతా. మామ ఏ వేలు ఒత్తితే ఆయనకు అట్లా అర్థమైందో ఆ భగవంతుడికే తెలియాలి. "అగో, నేను చెప్పలే?" అన్నాడు మామ. ఆయన ఏమీ చెప్పలేదు. ఆ గుత్తి చూపించి కఫీల్‌ను శాంతపరిచాను. పని వచ్చిన మలయాళీ ప్లంబరును ఒకణ్ణి పెట్టుకున్నాను. ఆ తర్వాత కుళాయిలు నిజంగానే కారడం మానేశాయి.

జీతం పెంచుతానంటే మామ వద్దన్నాడు. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ చాలాసేపు నసిగాడు. ఆయన నసగడం చూడటం అదే మొదటిసారి.

"అల్లుడా, మా ఇంట్ల నేనే సేటునని చెప్పిన."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "ట్రాక్టర్లచ్చినంక ఎడ్లను కొనేటోడు లేడు. ఊర్లె నన్ను జూస్తె నవ్వుడు వెట్టిండ్రు. ఎడ్లే లేవు, నీ బేరమేందిరా అని. మీ అత్త గది ఇని ఇంట్లకు వోయి ఏడ్సింది. దాని ముందటనన్న నేను ఏదో ఒకటైన్నని ఉండాలె గదా."

సరేనన్నాను. నాకది సరదాగా తోచింది. పైగా బిల్డింగు తెచ్చింది ఆయనే.

అప్పటి నుంచి ప్రతి శుక్రవారం, సెలవు పూట, అత్త వీడియో కాల్ చేసేది. మామ నా కుర్చీలో, నా బల్ల ముందు, నా పెన్ను చెవిలో పెట్టుకుని కూర్చునేవాడు. నేను వెనకాల నిచ్చెన పట్టుకుని నిలబడేవాణ్ణి. నిచ్చెన ఎందుకని అడిగితే, "ఊకె నిలవడితె పనోనిలెక్క ఎట్ల గొడ్తవ్?" అన్నాడు. ఫోన్ మోగిందంటే ఆయన గొంతే మారిపోయేది.

"అరేయ్ పోరగా, నిచ్చెన సక్కగ వట్టు! గిది గుడ రాదా నీకు?"

"గా పిలగాన్ని గట్ల తిట్టకుండ్రి," అత్త ఫోన్లోంచి బతిమాలేది. "తిన్నడా లేదా?"

"వానికి పని రాదు గని తినుడు మస్తుగ వస్తది."

మొదట్లో నవ్వు ఆపుకోవడం కష్టమయ్యేది. తర్వాత తర్వాత కోపం ఆపుకోవడం కష్టమైంది. పని రాదన్నది అబద్ధమైతే బాధ ఉండేది కాదు. ఒకసారి మరిచిపోయి నేనే కుర్చీలో కూర్చుని ఉండగా ఫోన్ వచ్చింది. చెవి పట్టుకుని లేపాడు, ఉత్తుత్తిగా కాదు. ఫోన్ పెట్టేశాక, "మామా, జర ఎక్కువ చేస్తున్నవ్" అన్నాను. "సేటంటె గట్లనే ఉంటడు. మీ నాయనను చూడలే?" అన్నాడు.

మోకాళ్లు పనిచేయక మామ ముందుగా ఇంటికి వచ్చేశాడు. నాన్నకు ఒంట్లో బాగుండటం లేదని కబురొస్తే కొన్నాళ్లకు నేనూ కంపెనీ మూసేసి వచ్చాను. మూసేసిన సంగతి ఆర్మూర్‌లో చెప్పలేదు. అక్కడ నడుస్తూనే ఉంది, నేనిక్కడి నుంచి చూసుకుంటున్నానని చెప్పాను. ఓడిపోయి వచ్చానని నాన్నకు తెలియకూడదు. ఎవరైనా ఫోన్ చేస్తే "హలో" బదులు "మర్హబా" అన్న రోజులు కూడా ఉన్నాయి. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నాలనిపిస్తుంది.

మామ మాత్రం తన చేలో పండిన పసుపు మా దుకాణానికి తేలేదు. మా ఎదురు దుకాణంలో వేశాడు. మనసుకు కష్టమనిపించింది. ఒకరోజు కొమ్ములకు పాలిష్ పట్టే డ్రమ్ము దగ్గర దొరికితే నిలదీశాను. ఆయన అటూ ఇటూ చూసి నన్ను బస్తాల చాటుకు లాక్కుపోయాడు. "మీ అత్త ఎంబడస్తది. నువ్వు గద్దె మీద కూసోనుంటవ్. నా పనోడు గద్దె మీద ఎందుకున్నడని అడిగితె ఏం జెప్పాలె?" ఇంతలో డ్రమ్ము ఆగింది. ఆయన గొంతు తగ్గించాడు. "ఒక్కటే అడుగుతున్న అల్లుడా. నేను వోయినంక గుడ చెప్పకు. అప్పుడు ఊరోళ్లు దాన్ని జూసి నవ్వుతరు."

"నువ్వెక్కడికి పోతవ్ మామా, దున్నపోతు లెక్కున్నవ్" అన్నాను. అదే ఆయనతో నా ఆఖరి మాట. ఇంకేదైనా అని ఉండాల్సింది.

దినాల నాడు వెళ్లాను. ఊరి మొదట్లోనే ఫ్లెక్సీ కట్టారు. 'బహరేన్ కంపెనీ అధినేత' అని రాసి, మామ ఫోటో. నా కుర్చీ, నా బల్ల, చెవిలో నా పెన్ను. పక్కన నిచ్చెన, దాన్ని పట్టుకున్న రెండు చేతులు కూడా పడ్డాయి. మిగతా మనిషిని కత్తిరించేశారు. ఆ చేతులు నావి.

టెంటు కింద భోజనాల బంతిలో కూర్చున్నాను. పక్కన కూర్చున్నది మా దుకాణానికి పసుపు తెచ్చే రైతే. నన్ను చూసి సంతోషపడి, బంతి అంతా వినేటట్టు, "సేటూ, నువ్వచ్చినవా! బహరేన్ కంపెనీ నీదని ఆర్మూర్లంత అంటరు గదా. మరి ఫ్లెక్సీల గీయననే సేటని రాసిండ్రేంది?" అన్నాడు.

వడ్డించే గరిట ఆగింది. ఎదురు వరసలో ఎవరో నవ్వు మొదలుపెట్టారు. గుమ్మంలో కూర్చున్న అత్త తలెత్తి ఇటు చూసింది. నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆర్మూర్‌లో నాకున్న ఒకే ఒక్క మర్యాద అదే మరి. ఆ గుమ్మం వైపు చూడకుండా ఉండి ఉంటే చెప్పేసేవాణ్ణేమో.

"నాది గాదే. మామదే కంపెనీ. నేను ఆయన దగ్గర పనిజేసిన."

"మరి సేటునని చెప్తివి గదా!"

"గప్పాలు గొట్టిన."

బంతి మొత్తం నవ్వింది. ఎవరో వెనక నుంచి, "గా ఫ్లెక్సీల చేతులు నీయేనా?" అని అడిగారు. నావేనన్నాను. మళ్లీ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, అందరూ నన్ను చూసే నవ్వారు. చెవులు కాలిపోతుండగా పప్పన్నం కలుపుకున్నాను.

అత్త లేచి నా దగ్గరికి వచ్చింది. "నిచ్చెన వట్టుకునే పిలగానివా నువ్వు? ఎంత సిక్కినవ్ బిడ్డా!" అంది. నేను చిక్కలేదు, పొట్ట పెరిగింది. "మీ సేటు మస్తు తిట్టెటోడు గదా నిన్ను. మనసుల వెట్టుకోకు. ఫోన్ల గట్ల తిట్టి, ఇంటికచ్చినంక ఏమనెటోడో ఎర్కేనా? గా పోరనికి పని రాదు గని, వాడు ఎంబడుంటె నాకు ఇంటి మీద రంది ఉండకపోయేదే అనెటోడు."

అప్పుడు ఏడ్చాను. ఎంగిలి చేత్తో, బంతి మధ్యలో, సిగ్గు లేకుండా ఏడ్చాను. పనోడు సేటు కోసం ఎట్ల ఏడుస్తున్నడో చూడండని పక్కవాళ్లు చెప్పుకుంటున్నారు.

పోయేటప్పుడు అత్త లోపలికి వెళ్లి ఒక సంచి తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయన సామాను. నీకియ్యుమన్నడు. ఇప్పటికన్న పని నేర్చుకొమ్మన్నడు." విప్పి చూస్తే డ్రిల్లింగ్ మిషన్. కంపెనీ మూసేటప్పుడు గదంతా గాలించినా దొరకనిది. దాని కోసం మలయాళీ ప్లంబరును అనుమానించి ఒక మాట కూడా అన్నాను. "ఇప్పుడేం పని జేస్తున్నవ్ బిడ్డా?" అని అడిగింది. "మా నాయన దుకాణంల కూసుంటున్న అత్తమ్మా" అన్నాను. "మంచిది. ఏదో ఒకటి," అని నా తల నిమిరింది.

నేను బండి మీద ఆర్మూర్ చేరేసరికి కబురు షేరింగ్ ఆటోలో నా కంటే ముందే చేరిపోయింది. చాయ్ హోటల్ వాడు నన్ను చూసి ఏమీ అరవలేదు. దుకాణంలో నాన్న గద్దె మీద ఉన్నాడు, ఎదురుగా కొమ్ముల రాశి పోసుకుని ఒక రైతు. నాన్న నా చేతిలోని సంచి వైపు, నా మొహం వైపు చూశాడు.

"నువ్వు గాడ నౌకరీ చేసినవట? ఒకని కింద?"

"అవ్ నాయనా."

నాన్న ఒక కొమ్ము తీసి ఫట్‌మని విరిచి, లోపలి రంగు చూశాడు. "మంచోడేనా గా సేటు?"

"మంచోడే. రోజు తిట్టెటోడు. నాకు పని రాదని."

"రాదు గదా మరి," అన్నాడు నాన్న. "తిట్టినా పనిలకెల్లి తియ్యలే. గంతకన్న ఏం జేస్తడు?" అని రైతు వైపు తిరిగి బేరం మొదలుపెట్టాడు.